గోడ మీద మరక ఎవరి పని? ఇంటి మరమ్మతుకు హద్దు గీయడం ఎలా

పడకగది గోడ అడుగున రంగు ఉబ్బి పెచ్చులుగా రాలుతోంది. పెయింటర్‌ని పిలవాలా, ప్లంబర్‌నా, తాపీమేస్త్రినా? పెయింటర్ వస్తే పాత రంగు గీకి, పుట్టీ పెట్టి, ప్రైమర్ కొట్టి, రెండు కోట్లు వేసి వెళ్తాడు. ఆయన పనికి వంక పెట్టడానికేమీ ఉండదు. కానీ ఆ గోడ వెనకాల బాత్‌రూమ్ పైపు కారుతుంటే ఆరు నెలలు తిరక్కుండానే అదే చోట మళ్లీ ఉబ్బుతుంది. ఇంటి మరమ్మతుల్లో డబ్బూ శ్రమా ఎక్కువగా ఇలాగే పోతాయి. చేసిన పని సరిగ్గానే ఉంటుంది, పని ఎక్కడిదాకా అన్నదే ముందు తప్పుగా తేల్చుకుని ఉంటారు.

‘ఎక్కడిదాకా’ అనే ఈ ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి. అసలు ఇది ఇంటికి సంబంధించిన పనేనా? మన చేతులతో చేసుకోదగ్గదేనా? మొదలుపెడితే ఎక్కడ ఆపాలి? వీటిని విడివిడిగా చూస్తే చిక్కుముడి చాలావరకు వదులవుతుంది.

ఇల్లేది, వస్తువేది

ప్లగ్ పీకి గుమ్మం దాటించగలిగేది వస్తువు. గోడలోనో నేలలోనో పైకప్పులోనో కలిసిపోయింది ఇల్లు. ఫ్రిజ్ చల్లబడకపోతే ఫ్రిజ్ మెకానిక్‌ని పిలవాలి. ఆ ఫ్రిజ్ ప్లగ్ పెట్టిన సాకెట్ వేడెక్కుతుంటే ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి. ఇబ్బందల్లా రెండింటి మధ్యా ఉండే వాటితోనే. గీజర్ సంగతి చూడండి. లోపలి హీటింగ్ ఎలిమెంటు, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ వస్తువు కిందికి వస్తాయి. దాన్ని మోసే బోల్టులు, నీళ్ల కనెక్షన్లు, సాకెట్, ఎర్తింగ్ ఇంటివి. గీజర్ బిగించేవాళ్లు ఎర్తింగ్ తమది కాదనుకుంటారు, ఇంటి ఎలక్ట్రీషియన్ గీజర్ తనది కాదనుకుంటాడు. అలా ఎవరూ చూడని చోటే ప్రమాదం కాచుకుని ఉంటుంది.

గీజర్ సేఫ్టీ వాల్వ్ గురించి ఒక మాట చెప్పి తీరాలి. నీళ్లు వేడెక్కి వ్యాకోచించేటప్పుడు దాని నుంచి చుక్కలు పడటం మామూలే. కారుతోంది కదా అని దానికి మూత బిగిస్తే, థర్మోస్టాట్ చెడిపోయిన రోజున లోపలి ఒత్తిడి బయటికి పోయే దారి ఉండదు, ట్యాంకు పేలిపోవచ్చు. చుక్కలు ఆగకుండా పడుతుంటే సరఫరా ఒత్తిడి ఎక్కువగా ఉందా, వాల్వే పాడైందా అని చూసి దాన్ని సరిచేయాలి.

వస్తువుల లోపలి పనిని ఇంటి పనుల జాబితాలో చేర్చుకోకపోవడమే మేలు. మైక్రోవేవ్ ఓవెన్‌లోని కెపాసిటర్‌లో ప్లగ్ తీసేశాక కూడా మనిషిని చంపగలిగేంత చార్జ్ మిగిలి ఉండొచ్చు. స్క్రూడ్రైవర్ పట్టడం వచ్చినంత మాత్రాన అందులో చేయి పెట్టకూడదు.

మన చేతికి వచ్చే పనేనా

ఇక్కడ పని పరిమాణం లెక్కలోకి రాదు. ఇల్లంతా రంగు వేయడం పెద్ద పనే అయినా నేర్చుకుని ఎవరైనా చేసుకోవచ్చు. ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే దానంతటదే పడిపోయే స్విచ్) మార్చడం పది నిమిషాల పనే అయినా తెలియనివాళ్లు ముట్టుకోకూడదు. చూడాల్సినవి వేరే ఉన్నాయి. సరఫరాను మనమే పూర్తిగా ఆపగలమా? తప్పు జరిగితే వెంటనే కంటికి కనిపిస్తుందా, లోపల దాగి ఉంటుందా? చెడగొడితే మళ్లీ యథాస్థితికి తేగలమా? మూడింట్లో మా లెక్కలో రెండోదే ముఖ్యం. కనిపించే తప్పు ఖర్చుతో పోతుంది. కనిపించని తప్పు అందరూ నిద్రపోయే వేళ బయటపడుతుంది.

కారుతున్న కుళాయి ఈ మూడు పరీక్షల్లోనూ నెగ్గుతుంది. సింక్ కింద, కుళాయికి నీళ్లు వచ్చే చోట ఉండే చిన్న యాంగిల్ వాల్వ్ కట్టేయాలి. కుళాయి తెరిచి పైపులో మిగిలిన ఒత్తిడి పోనివ్వాలి. చిన్న స్క్రూలు డ్రెయిన్‌లో పడిపోకుండా రంధ్రం మీద గుడ్డ పరచాలి. హ్యాండిల్ కింద దాగిన స్క్రూ విప్పి, నట్టు వదులు చేసి, కార్ట్రిడ్జ్‌ను, అంటే నీళ్లను వదిలి ఆపే లోపలి భాగాన్ని, నిలువుగా బయటికి లాగాలి. ఒకే హ్యాండిల్ ఉన్న మిక్సర్లలో సాధారణంగా 35 లేదా 40 మిల్లీమీటర్ల కార్ట్రిడ్జ్ ఉంటుంది. కంటితో చూస్తే రెండూ ఒకేలా అనిపిస్తాయి కాబట్టి పాతదాన్ని చేత్తో పట్టుకెళ్లి పోల్చి తెచ్చుకోవాలి. కొత్తది పెట్టే ముందు అది కూర్చునే గుంటను తుడవకపోతే, అక్కడ ఇరుక్కున్న ఒక్క ఇసుక రేణువు చాలు, మళ్లీ కారడానికి. ఈ పనిలో తప్పు చేసినా వాల్వ్ తెరవగానే తెలిసిపోతుంది.

ఒక జాగ్రత్త తప్పనిసరి. ఏళ్ల తరబడి తిప్పని యాంగిల్ వాల్వ్ బిగుసుకుపోయి ఉండొచ్చు, లేదా తిప్పగానే కాడ దగ్గర కారడం మొదలుపెట్టొచ్చు. అందుకే ముందు ఇంటి మెయిన్ వాల్వ్ ఎక్కడుందో చూసి, అది నిజంగా కట్టుకుంటోందో లేదో పరీక్షించాకే కింది వాల్వ్ మీద చేయి వేయాలి. మెయిన్ వాల్వ్ కట్టుకోకపోతే ఆ రోజు పని కుళాయిది కాదు, మెయిన్ వాల్వ్‌ది.

ఇప్పుడు కరెంటు. పాడైన స్విచ్ మార్చడం హద్దు లోపలి పనే, కానీ షరతులున్నాయి. ఎంసీబీ దించాక, రెండు మొనల టెస్టర్‌ను ముందు కరెంటు ఉన్న చోట పెట్టి పనిచేస్తోందని నిర్ధారించుకోవాలి, తర్వాత మార్చబోయే చోట చూడాలి, మళ్లీ కరెంటు ఉన్న చోట చూడాలి. నియాన్ దీపం ఉన్న స్క్రూడ్రైవర్ టెస్టర్ వెలగలేదు కాబట్టి కరెంటు లేదనుకోవడం ప్రమాదం. దీపం మాడిపోయి ఉన్నా అది వెలగదు.

ఇందాక దించిన ఎంసీబీ కథ వేరు. మాటిమాటికీ పడిపోతోందని 16 ఆంపియర్లది తీసి 32 ఆంపియర్లది పెడితే ఇక పడదు, సమస్య తీరినట్టే ఉంటుంది. ఎంసీబీ కాపాడేది గోడలోని వైరును. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మామూలుగా 20 ఆంపియర్ల ప్రాంతం వరకు మాత్రమే నిలకడగా మోయగలదు. దాని గుండా 30 ఆంపియర్లు వెళ్తుంటే 32 ఆంపియర్ల ఎంసీబీ కదలదు, గోడ లోపల వైరు తొడుగు మెత్తబడుతూ పోతుంది. ఎన్నాళ్లకు అంటుకుంటుందో చెప్పలేం. చేతిపని సులువు, తప్పు మాత్రం పూర్తిగా దాగి ఉంటుంది. అందుకే ఇది హద్దు బయటి పని.

వదులు స్క్రూ సంగతీ ఇంతే. 230 వోల్టుల సరఫరా మీద 3000 వాట్ల గీజర్ 13 ఆంపియర్లు లాగుతుంది. సాకెట్ స్క్రూ సరిగా బిగించక ఆ అతుకులో 0.1 ఓం నిరోధం చేరిందనుకోండి. 13 వర్గాన్ని 0.1తో గుణిస్తే సుమారు 17 వాట్లు. చిన్న సోల్డరింగ్ ఐరన్‌ను నడిపే శక్తి అది, స్క్రూ తలంత చోట, ప్లాస్టిక్ మధ్యలో పుడుతుంది. కరెంటు మామూలుగానే ప్రవహిస్తుంది కాబట్టి ఎంసీబీకి ఏమీ తెలియదు. ప్లగ్ పిన్నులు నల్లబడటం, కాలిన వాసన, సాకెట్ మీద గోధుమరంగు మచ్చ కనిపిస్తే వాడకం వెంటనే ఆపేయాలి. సాకెట్ మార్చడంతో పాటు, వేడికి పెళుసుబారిన వైరు చివరను రాగి మెరిసేదాకా కోసి కొత్తగా కలపడం కూడా ఆ పనిలో భాగమే.

గ్యాస్ విషయంలో చర్చ అవసరం లేదు. సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడటం వరకే మనది. పైపు కలపడం, వాల్వ్ విప్పడం అర్హత ఉన్నవాళ్లవి.

పాత ఇళ్లలో ఇంకో మలుపు ఉంది. రంగు గీకడం మామూలుగా మన చేతి పనే, కానీ పాత రంగులో సీసం ఉండొచ్చు. అమెరికాలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసాన్ని 1978లోనే నిషేధించారు. చాలా దేశాల్లో అంతకన్నా ఎంతో ఆలస్యంగా కట్టడి వచ్చింది. అనుమానం ఉంటే పొడిగా శాండ్‌పేపర్ పట్టకూడదు, ఆ దుమ్ము పిల్లల మెదడుకు చేటు. ఆస్‌బెస్టాస్ రేకులు, పాత ఫ్లోరింగ్ పలకలు కూడా అంతే. కదపకుండా ఉంటే ప్రమాదం తక్కువ, కోసినా డ్రిల్ చేసినా పోగులు గాలిలోకి లేస్తాయి.

చెమ్మ: ఒకే మరక, ఐదు మూలాలు

మొదట చెప్పిన గోడ దగ్గరికి వద్దాం. హద్దు గీయడం ఎక్కువ కష్టమయ్యేది చెమ్మ విషయంలోనే, ఎందుకంటే మరక కనిపించే చోటు వేరు, నీళ్లు వచ్చే చోటు వేరు.

మరక ఎప్పుడు పెరుగుతోందో ముందు గమనించాలి. దాని అంచు వెంట పెన్సిల్‌తో గీసి పక్కన తేదీ వేస్తే చాలు. వాన పడ్డాక పెరిగితే బయటి గోడ పగులో, కిటికీ అంచో, పైకప్పో కారణం. కాలంతో పనిలేకుండా రోజూ పెరుగుతుంటే ఒత్తిడితో ఉన్న సరఫరా పైపును అనుమానించాలి. స్నానాలు జరిగాక కొన్ని గంటలకు ముదిరితే అది డ్రెయిన్ పైపో, బాత్‌రూమ్ నేలో. నేల నుంచి మీటరు ఎత్తు దాకా అడ్డగీత గీసినట్టు సమానంగా, పైఅంచున తెల్లటి ఉప్పు పేరుకుని ఉంటే పునాది నుంచి తడి ఎక్కుతోంది. చలికాలంలో గది మూలల్లో, బీరువా వెనక నల్లటి బూజుగా కనిపిస్తే చాలాసార్లు అది గదిలోని ఆవిరే, చల్లని గోడ మీద నీరుగా మారుతోంది.

ఊహ మీద ఆధారపడకుండా రెండు పరీక్షలు చేయొచ్చు, రెండూ తేలికే. అర మీటరు పొడవు వెడల్పు ఉన్న పారదర్శక ప్లాస్టిక్ షీటును మరక మీద పెట్టి, నాలుగు అంచులూ టేపుతో గాలి చొరబడకుండా అంటించి ఒకటి రెండు రోజులు వదిలేయాలి. గది వైపు నీటి చుక్కలు పడితే గదిలోని ఆవిరి, గోడ వైపు పడితే గోడ లోపలి తడి. టేపు అంటుకోవాలంటే రాలే రంగును ముందు గీకేయాలి. రెండోది మీటరు పరీక్ష. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, ఫ్లష్ ట్యాంకులు నిండాక, నీళ్ల మీటరు అంకె రాసుకుని రెండు గంటలు ఎవరూ నీళ్లు వాడకూడదు. అంకె కదిలితే సరఫరా పైపు కారుతోంది. మెయిన్ వాల్వ్ కట్టేసి మళ్లీ చూసినా కదులుతుంటే లీకు మీటరుకూ వాల్వ్‌కూ మధ్యలో ఉంది. ఓవర్‌హెడ్ ట్యాంకు ఉన్న ఇళ్లలో ట్యాంకులోకి నీళ్లు రాకుండా ఆపి, లోపలి నీటి మట్టం దగ్గర గీత పెట్టి రాత్రంతా చూస్తే ట్యాంకు నుంచి దిగే పైపుల సంగతి తెలుస్తుంది. డ్రెయిన్ పైపు లీకులు మాత్రం ఈ పరీక్షకు దొరకవు, వాటిలో నీళ్లు వాడినప్పుడే ఉంటాయి.

మూలం తేలాక హద్దు దానంతటదే పడుతుంది. ఆవిరి సమస్యకు గోడను ముట్టుకోనక్కర్లేదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్, గాలి ఆడే కిటికీ, బీరువాను గోడకు కొంచెం ఎడంగా జరపడం, బూజు తుడవడం, అంతే. పైపు లీకైతే గోడ పగలగొట్టడం, పైపు ముక్క మార్చడం, ప్లాస్టరింగ్, ఎండనివ్వడం, పుట్టీ, రంగు అన్నీ కలిపి ఒకే పని. చాలామంది ‘ఎండనివ్వడం’ వదిలేస్తారు. తడిసిన ఇటుక గోడ ఎండటానికి మందంలో ప్రతి 25 మిల్లీమీటర్లకు దాదాపు ఒక నెల పడుతుందన్నది పనివాళ్ల మోటు లెక్క. లీకు ఆపిన వారానికే రంగు వేస్తే లోపలి తడి దాన్ని తోసుకుని వస్తుంది, లీకు ఆగలేదేమోనని అందరూ కంగారు పడతారు. కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం 28 రోజులు ఆగాకే రంగు.

వాటర్‌ప్రూఫ్ రంగును గది లోపలి వైపు పూయడం చెమ్మకు మందు కాదు. తడి ఆగదు, ఆ రంగు లేని చోటికి, ఇంకా పైకో పక్క గదిలోకో జరుగుతుంది. నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో ఆ వైపే అడ్డుకట్ట వేయాలి.

బరువు దగ్గర హద్దు మారుతుంది

కొన్ని పనులు పేరును బట్టి చిన్నవిగా అనిపిస్తాయి. మేడ మీద మట్టి పరిచి మొక్కలు పెంచడం అలాంటిదే, వినడానికి తోటపని. ఇళ్ల శ్లాబులను సాధారణంగా చదరపు మీటరుకు 150 నుంచి 200 కిలోల అదనపు భారానికి లెక్కగట్టి వేస్తారు. తడిసిన మట్టి ఘనపు మీటరుకు 1600 నుంచి 2000 కిలోలు తూగుతుంది. అంటే 15 సెంటీమీటర్ల మందంతో మట్టి పరిస్తే చదరపు మీటరుకు 240 నుంచి 300 కిలోలు, అదీ మనిషి కాలు పెట్టకముందే. కాబట్టి ఇది ముందు స్ట్రక్చరల్ ఇంజినీరు తేల్చాల్సిన పని. దూలాల మీదుగా అక్కడక్కడా తేలికపాటి మిశ్రమంతో కుండీలు పెట్టుకోవడం వేరు, శ్లాబంతా మడి చేయడం వేరు. వెయ్యి లీటర్ల ట్యాంకు కూడా నిండితే నీళ్లే టన్ను. దాన్ని శ్లాబు మధ్యలో కాకుండా దూలాలు, పిల్లర్ల మీద నిలపాలి.

గదిని రెండు చేసేందుకు కట్టే గోడ కూడా ఇలాంటిదే. 115 మిల్లీమీటర్ల ఇటుక గోడ మూడు మీటర్ల ఎత్తుంటే, ప్రతి మీటరు పొడవుకూ 600 కిలోలు దాటుతుంది. కింద దూలం లేకపోతే ఆ బరువంతా శ్లాబు మీదే. మెటల్ ఫ్రేమ్, బోర్డులతో కట్టే పార్టిషన్ అందులో చిన్న వంతు తూగుతుంది, ఇక్కడ అదే సరైన ఎంపిక.

ఉన్న గోడను తీసేయాలంటే మందం చూసి తీర్పు చెప్పకూడదు. 230 మిల్లీమీటర్ల గోడ పిల్లర్ల ఇంట్లో ఉత్త అడ్డుగోడ కావచ్చు, పిల్లర్లు లేని పాత ఇంట్లో సన్నగోడే పై భారం మోస్తుండొచ్చు. పైపుల కోసం గాడి కొట్టడానికి కూడా లెక్క ఉంది. అడ్డంగా అయితే గోడ మందంలో ఆరో వంతు, నిలువుగా అయితే మూడో వంతు దాటకూడదు. 115 మిల్లీమీటర్ల గోడకు అడ్డంగా 19, నిలువుగా 38 మిల్లీమీటర్లు. బోలు బ్లాకుల గోడకు ఈ లెక్క కూడా పనికిరాదు, పైపెంకే పలచన. గోడకు రెండు వైపులా ఒకే చోట ఎదురెదురుగా గాడి కొట్టడం ఎక్కడైనా తప్పే.

పగుళ్ల విషయంలో వెడల్పు కంటే కదలిక ముఖ్యం. వెంట్రుకవాసి పగుళ్లు ప్లాస్టరింగ్ ఎండినప్పుడు వచ్చినవైతే పుట్టీతో పోతాయి. తలుపు, కిటికీ మూలల నుంచి మెట్లు మెట్లుగా ఏటవాలుగా పాకే పగులు, వేలు దూరేంత పగులు, శ్లాబు అడుగున చువ్వల వెంట తుప్పు రంగుతో వచ్చే పగులు పుట్టీకి లొంగేవి కావు. తుప్పు పట్టిన ఇనుము మొదటి పరిమాణానికి రెండు రెట్లకు మించి ఉబ్బి కాంక్రీటును పగలదోస్తుంది. పైన సిమెంటు పూస్తే లోపల తుప్పు సాగుతూనే ఉంటుంది. ఎటూ తేలకపోతే పగులు రెండు కొసల దగ్గరా గీత పెట్టి, తేదీ వేసి, నడుమ వెడల్పు కొలిచి, నెలనెలా చూడాలి. పెరుగుతుంటే ఇంజినీరుకు చూపించాలి.

బాత్‌రూమ్ పలక, మరో రకం హద్దు

రెండు టైల్స్ కదులుతున్నాయి, వాటినే మార్చాలి అనుకుంటాం. వేళ్ల మెటికలతో చుట్టుపక్కల టైల్స్ తట్టి చూడాలి. రెండు మూడు మాత్రమే బోలుగా మోగితే వాటి గ్రౌట్ (టైల్స్ మధ్య సందుల్లో నింపే మిశ్రమం) కోసి, టైల్‌ను మధ్యలో పగలగొట్టి అంచులవైపు తొలగిస్తూ పోతే పక్కవి దెబ్బతినవు. సగం నేల బోలుగా మోగుతున్నా, కింది ఇంటి సీలింగ్‌లో తడి కనిపిస్తున్నా టైల్స్ మార్చి లాభం లేదు. నీళ్లను ఆపేది టైలూ కాదు, గ్రౌటూ కాదు, వాటి కింది వాటర్‌ప్రూఫింగ్ పొర. లీకు ఎక్కువగా దొరికేది ఫ్లోర్ ట్రాప్ (నేల మీది నీళ్లు డ్రెయిన్‌లోకి దిగే చోటు) చుట్టూ, గోడా నేలా కలిసే మూలలో, పైపులు గోడలోకి దూరే చోట. అప్పుడు పని నేలంతా తవ్వి, మీటరుకు 10 నుంచి 12 మిల్లీమీటర్ల వాలు సరిచేసి, పొరను గోడల మీదికి కనీసం 150 మిల్లీమీటర్లు, షవర్ దగ్గర తల ఎత్తు దాటేలా ఎక్కించి, ట్రాప్ మూసి నీళ్లు నింపి కనీసం 24 గంటలు నిలబెట్టి చూశాకే టైల్స్ వేయడం. ఆ 24 గంటలు మిగుల్చుకుందామని చూస్తే మళ్లీ అంతా తవ్వాల్సి రావచ్చు.

కాగితం మీద హద్దు

‘బాత్‌రూమ్ బాగుచేయాలి’ అని నోటిమాటగా పని ఒప్పుకుంటే తగాదా ఖాయం. ఏ గోడ, ఎన్ని చదరపు మీటర్లు, ఏ సామాను ఏ సైజులో, ఎవరు కొనాలి, చెత్త ఎవరు మోయాలి, ఏ పరీక్ష నెగ్గాక పని పూర్తయినట్టు అన్నవి రాసుకోవాలి. కొలతలు మనమే తీసుకోవడం కష్టమేమీ కాదు. 4 మీటర్లు, 3.5 మీటర్ల గది, ఎత్తు 3 మీటర్లు అనుకుంటే చుట్టుకొలత 15, గోడల వైశాల్యం 45 చదరపు మీటర్లు. తలుపు, కిటికీ పోతే 41. లీటరు రంగు ఒక కోటుకు 10 చదరపు మీటర్లు వస్తుందనుకుంటే రెండు కోట్లకు 8 లీటర్ల పైచిలుకు. టైల్స్ కోతలకు పది శాతం ఎక్కువ, ఐమూలగా వేస్తే పదిహేను శాతం, అన్నీ ఒకే బ్యాచ్ నంబరువి తీసుకోవాలి.

జాబితాలో లేనివి కూడా రాయాలి. ‘సీలింగ్ రంగు ఇందులో లేదు’, ‘మెయిన్ పైపు మార్చడం ఇందులో లేదు’ అన్న రెండు వాక్యాలు బోలెడు వాదనల్ని తప్పిస్తాయి. గోడ తెరిస్తే గానీ తెలియని పనికి ముందే మీటరుకింత అని రేటు మాట్లాడుకోవాలి, ఎంత పొడవు దాటితే ఆగి అడగాలో కూడా చెప్పాలి.

పని మధ్యలో కొత్త లోపం బయటపడితే ఒక గీటురాయి ఉంది. ఇప్పుడు మూసేస్తే, తర్వాత చేయడానికి మళ్లీ ఇదే పగలగొట్టాలా? అవునంటే ఇప్పుడే చేర్చుకోవాలి. తుప్పు పట్టిన పాత పైపు, భవిష్యత్తు వైరుకు ఒక ఖాళీ కాండ్యూట్ (వైర్లు దూర్చే గొట్టం), ఇటువంటివి. కాదంటే, అది ప్రమాదకరమైతే తాత్కాలికంగా కట్టడి చేసి, లేకపోతే రాసిపెట్టుకుని వేరే పనిగా చూడాలి. గోడ తెరిచి ఉండగా కుళాయిల మోడల్ మార్చుకోవాలనిపించడం ఈ గీటురాయికి నిలబడదు. మిక్సర్ బాడీ గోడ లోపల ఉండే రకమైతే మాత్రం నిలబడుతుంది.

గోడ మూసే ముందు పైపులకు మామూలు ఒత్తిడికి ఒకటిన్నర రెట్ల ఒత్తిడి పెట్టి, గేజ్ ముల్లు దిగకుండా నిలబడుతోందో లేదో చూడాలి. ఆ తర్వాత గోడకు ఆనించిన కొలత టేపు కూడా కనిపించేలా, నేల నుంచి, మూల నుంచి దూరం తెలిసేలా ప్రతి గోడనూ ఫొటో తీయాలి. తర్వాత ఎప్పుడో అక్కడ అల్మారా బిగించడానికి డ్రిల్ పెట్టే మనిషికి పైపు ఎక్కడుందో చెప్పగలిగేది ఆ ఫొటో మాత్రమే. అందుకే దాని కాపీ ఒకటి ప్రింట్ తీసి ఇంటి కాగితాల ఫైల్లో పెట్టాలి.